చూపులేనివారు చుక్కను చూడవలెనట!

ఆన్‌లైన్ ప్రసారాల ఫిర్యాదుల అధికారి గారి సముఖమునకు, గడియారాలు బాగుచేయు దుకాణదారుడు విన్నవించుకొనునది:

అయ్యా,

విషయం: మా అక్క సీరియల్ వినుట గురించి, ఆమె గుట్టు బయటపడుట గురించి.

మూడేళ్ల క్రితం మా అక్కకు చూపు పోయింది. నాకు ఈ పని నేర్పింది ఆవిడే. మధ్యాహ్నాలు దుకాణంలో నా పక్కన కూర్చుని టీవీలో సీరియల్ వింటుంది. మాటలు లేని చోట ఏం జరుగుతోందో చెప్పే గొంతు ఒకటి అందులో ఉండేది. "ఆమె ఉత్తరం చింపేసింది" అని ఆ గొంతు చెప్తే, "మంచి పని చేసింది" అనేది అక్క. అట్టి సౌకర్యమునకు ఆ సీరియల్‌ను ఆన్‌లైన్‌లో ప్రసారము చేయు కంపెనీవారు గత నెలలో తాళము వేసి, ఈ క్రింది ఘనకార్యములు చేసియున్నారు.

1. అర్హత నిరూపించుకోమన్నారు. ఏ కంటికి ఏ జబ్బో, ఏ డాక్టరు చూశాడో, అన్ని కాగితాలూ పంపితిమి. ఆ గొంతును దొంగతనంగా వినేవారు ఎక్కువైపోయారు కాబోలు!

2. పిదప ఫోన్ కెమెరా ముందు ముఖపరీక్ష. "తెరపై ఆకుపచ్చ చుక్కను చూడండి" అన్నారు.

"చుక్క కనిపిస్తే ఈ గోలంతా ఎందుకురా?" అంది అక్క.

మూడుసార్లు "మీరు సహకరించుట లేదు" అని తిప్పికొట్టారు. నాలుగోసారి విసుగెత్తి నా మొహమే పెట్టాను. చుక్కను చక్కగా చూసితిని. తక్షణమే నన్ను చూపులేనివానిగా ధ్రువీకరించి అభినందించారు. వారి తెలివికి జోహార్లు.

3. మరుసటి వారం దుకాణం నిండా జనం. ఒకాయన వాళ్ల నాన్నగారి గడియారం నా చేతికి ఇవ్వబోతున్నాడు. ఇంతలో టీవీ గట్టిగా పలికింది: "చూపులేని మీ కోసం ప్రత్యేక కార్యక్రమాలు!" తెర మీద నా ఫోటో. ఆయన గడియారం మళ్లీ జేబులో వేసుకున్నాడు.

"ఏమనుకోకండి, మా నాన్న జ్ఞాపకం..."

"చూపు లేనిది నాకు కాదండీ, మా అక్కకి!" అని అరిచాను.

అందరూ అక్క వైపు తిరిగారు. గొంతును బట్టి మనిషిని గుర్తుపట్టి పలకరించేది కనుక అప్పటిదాకా వాళ్లలో సగం మందికి ఆ సంగతే తెలియదు.

4. నాటినుండి ఆమె దుకాణంలో కూర్చోవడం లేదు. ఆ గొంతునూ ఆపించేసింది. "నా కళ్ల సంగతి ఎవరికి చెప్పాలో నేను చూసుకుంటాను. ఆ పెట్టెకెందుకురా?" అంది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అదే నాకు మింగుడు పడటం లేదు.

తమ కార్యాలయమునకు ఫోన్ చేయగా, "సౌకర్యం కావాలి, గుట్టూ ఉండాలి అంటే ఎలాగండీ?" అని గుమస్తా గారు సెలవిచ్చిరి. టీవీ శబ్దం పెంచుకోవడానికి ఎవరి చెవి రిపోర్టూ అడగరే! ఆ గొంతును కూడా అదేవిధముగా అడిగినవారికెల్ల తెరిచి ఉంచునట్లును, మా కాగితములు, ఫోటోలు చెరిపివేసి ఆ మేరకు రాసి ఇచ్చునట్లును కంపెనీవారిని ఆదేశింప ప్రార్థన. చిత్తగించవలెను, వీలైతే ఈసారి చదివి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
చూపు బాగానే ఉన్న గడియారాల మరమ్మతుదారు

తా.క.: టీవీని లోపలి గదిలోకి మార్చాను. ఇప్పుడు కథ నేనే చెప్తున్నాను. నిన్న సీరియల్లో తల్లీకూతుళ్లు ఏళ్ల తర్వాత కలిశారు. మాటల్లేవు. "ఏం చేస్తున్నార్రా?" అని అక్క నా మోకాలు కుదిపింది. ఒకరినొకరు చూసుకుంటున్నారు, అంతే. ఆ ఒక్క ముక్క నా నోట రాలేదండీ.