వ్యాను మంచానికి ఇనుప కాళ్ళు

ఏవండీ,

ఆస్పత్రి నుంచి రాగానే ముందు అన్నం తినండి. చేపల పులుసు పొయ్యి పక్కనే మూతపెట్టి ఉంచాను. తర్వాత వ్యాను దగ్గరికి వెళ్ళి చూడండి. మంచం బయటికి లాగే ఉంచాను, మీరు నడుం వంచకండి.

మొన్న ముదినేపల్లిలో మీరు పడుకోగానే విరిగిపోయిందే, ఆ మంచం చెక్క తీసేయించాను. మా తమ్ముడు బాజీ పొద్దున్నే వచ్చి, కింద ఇనుప యాంగిల్ వెల్డింగ్ చేసి, బయటికొచ్చే కొసకి రెండు మడత కాళ్ళు బిగించాడు. అవి నేలకి ఆనాకే పడుకోండి. నేనూ, బాజీ, పక్కింటి బాలసరస్వతిగారూ ముగ్గురం ఒకేసారి ఎక్కి కూర్చున్నాం. కిర్రుమని కూడా అనలేదు.

నడుముకి తగిలిన దెబ్బకి మీరు బెదిరిపోయారని తెలుసు. కానీ వ్యాను అమ్మేద్దామని మీ అన్నయ్యతో అనేముందు నన్నొక్క మాట అడగాల్సిందండీ. పదకొండేళ్ళుగా ఊరూరా తిరిగి పరుపులు కుట్టింది మనిద్దరం కదా.

డాక్టరుగారు నెల ఆగమంటే ఆగుదాం. నేను దూది తేవడానికి గూడెం వెళ్తున్నాను. అయిదింటి బస్సుకి వచ్చేస్తాను.

రేహానా

మరిచిపోయాను. మండవల్లి నుంచి ఫోనొచ్చింది. రెండు నెలల్లో వాళ్ళమ్మాయి పెళ్ళట, నాలుగు పరుపులు కావాలట. ఇద్దరం వస్తామనే చెప్పాను.