పర్లేదులే అమ్మా

మా పిచికకి,

అక్క రాస్తున్నాను. నీ మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కొద్దన్నా ఎక్కుతూనే ఉన్నావా? మరిదిగారి దగ్గు తగ్గిందని రాశావు గాని, నువ్వు రాసిన తీరు చూస్తే నాకు నమ్మకం కలగలేదు. కోడలికి నెలలు నిండుతున్నాయి, కాళ్ళు వాస్తున్నాయేమో రోజూ చూస్తుండు. పెద్దాణ్ణి వర్షంలో బండి మెల్లగా నడపమను. నా సంగతి అడక్కు. బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తుండదు, రెండోసారి వేసుకుంటే ఏమవుతుందోనని భయమేసి అసలుకే మానేస్తున్నాను.

ఇక మా అమ్మాయి సంగతి. దానికి ఒంట్లో ఏ జబ్బూ లేదు. అదే నా దిగులు.

నిద్ర పట్టడం లేదని, తల పగిలిపోతోందని ఎవరో మనసు డాక్టరమ్మ దగ్గరికి వెళ్తోందని రాశాను కదా. ఏడాది పైనే వెళ్ళింది. అక్కడ మందులేం ఇవ్వరట. కూర్చోబెట్టి చిన్నప్పటి సంగతులన్నీ తవ్విస్తారట. ఎందుకు ఏడ్చావు, ఎవరికి భయపడ్డావు, ఎవరి కోసం చేశావు, ఇవే ప్రశ్నలు. అబద్ధమెందుకు, నిద్ర పట్టింది. తలనొప్పి పోయింది. ముక్కు మీద కోపం పోయింది. వాటితో పాటే పని కూడా పోయింది.

పొద్దున్నే దుకాణం తీస్తుంది, ఊడుస్తుంది, కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. అంతే. చేతులు ఒళ్ళో పెట్టుకుని వీధిలోకి చూస్తుంటుంది. దాని చేతి కోటు కోసం జనం నెలల తరబడి ఆగేవాళ్ళే. ఒక్క కుట్టు వంకర పోతే మొత్తం విప్పేసే మనిషది. కుట్టడం అయ్యాక కోటు తిరగేసి తెచ్చి నా ఒళ్ళో పెట్టేది. వాళ్ళ నాన్న ఉన్నప్పటి నుంచీ మా ఇంట్లో అదే పద్ధతి. నేను కుట్టు వెంబడి వేలితో తడిమేదాన్ని. బాగుంటే గుండీలు కుట్టడం మొదలుపెట్టేదాన్ని, లేకపోతే తిరిగిచ్చేసేదాన్ని. నోటితో చెప్పడానికి అందులో ఏముంది?

మొన్న ఉండబట్టలేక, "ఏమైందే నీకు?" అని అడిగాను.

"ఏం కాలేదమ్మా. ఇన్నాళ్ళూ నువ్వు తిరిగిచ్చేస్తావేమోనన్న భయంతో కుట్టాను. ఇప్పుడా భయం పోయింది."

"పోతే మంచిదేగా, హాయిగా కుట్టుకో."

"భయం తీసేసి చూస్తే అడుగున ఇంకేం లేదమ్మా. నాకసలు కుట్టడం ఇష్టమో కాదో కూడా తెలీదు."

విన్నావా. నలభై దాటిన మనిషి అనే మాటేనా అది? మనల్ని ఎవరడిగారే, ఇష్టమా అని? కాజాలు కుట్టి కుట్టి నా వేళ్ళు వంకర్లు పోయాయి. నాకు కాజాలంటే ప్రాణమని ఎవరైనా అనుకుంటున్నారా? ఆ డాక్టరమ్మ ఇంటికి ఆనించిన దుంగ లాగేసి, ఇప్పుడు గాలి బాగా వస్తోంది కదా అంటోంది.

దిగులుకొద్దీ నేనొక పిచ్చి పని చేశాను. ఒక హెడ్మాస్టరుగారి కోటు చేతులు అతకకుండా బల్ల మీద పడుంది. ఆయన రిటైరయ్యే సభ ముంచుకొస్తోంది. మధ్యాహ్నం ఇది కునుకు తీస్తుంటే నేనే సూదీ దారం పట్టుకుని చేతులు కుట్టేశాను. నా చూపు సంగతి నీకు తెలుసు. కుడిచెయ్యి ఎడమవైపుకీ, ఎడమచెయ్యి కుడివైపుకీ వేశాను. ఆయన వచ్చి తొడుక్కుంటే, రెక్కలు వెనక్కి విరిచి కట్టినట్టున్నాడు పాపం. "నన్ను సన్మానానికి పంపిస్తున్నారా, జైలుకా?" అన్నాడు.

ఇది నన్ను దులిపేస్తుందనుకున్నాను. దులిపేస్తే బాగుండుననీ అనుకున్నాను. ఒకప్పుడైతే ఇంటి కప్పు లేచిపోయేది. నా వైపు తిరిగి, "పర్లేదులే అమ్మా" అంది. ఆయనతో "తప్పేనండీ, వేరే చోట సరిచేయించుకోండి" అని కోటు మడిచి ఇచ్చేసింది. తిట్టినా ఇంత బాధపడేదాన్ని కాదే.

నెలాఖరుకి దుకాణం మూసేస్తానంటోంది. నీ మాటంటే దానికి గురి. మరిదిగారికి చెప్పి వెంటనే బయల్దేరి రా.

నీ అక్క


పిచికకి,

వస్తున్నానని రాశావు. ఆగు.

నేను ఆ డాక్టరమ్మతో దెబ్బలాడదామని వెళ్ళాను. మన కోడలి ఈడు పిల్ల. "ఇష్టం దానంతటది పుట్టాలమ్మా, అప్పటిదాకా ఆగాలి" అంది. ఎన్నాళ్ళంటే తెలీదంది. తెలీదని చెప్పడానికి ఒక గది, మెత్తటి కుర్చీలు, కిటికీలో పూలకుండీ.

ఇంటికొచ్చి మా దానితో, "దుకాణం ముయ్యకు. నేనింక కుట్లు తడమను, సరేనా?" అన్నాను.

"తడమక్కర్లేదమ్మా, నువ్వు దుకాణంలో నీ కుర్చీలో ఉంటే చాలు, నా చెయ్యి కదలదు. నువ్వు లేనప్పుడు నాకు కుట్టబుద్ధి అవుతుందో లేదో చూసుకోవాలి. పిన్ని దగ్గర కొన్నాళ్ళుండు. అప్పటిదాకా ముయ్యను."

"ఇంకెన్నాళ్ళులే, నేను పోయాక తీరిగ్గా చూసుకో."

"అంతదాకా ఆగితే నాకూ చూపు పోతుంది."

కసురుకోలేదు. నవ్వుతూనే అంది.

నేను లేకపోయినా అది కుట్టలేదనుకో, తప్పు నాది కాదని తేలుతుంది, దుకాణం మాత్రం పోతుంది. కుట్టిందనుకో, దుకాణం నిలుస్తుంది, ఇన్నాళ్ళూ దాని చేతికి అడ్డం నేనేనని తేలుతుంది. ఏది కావాలని దణ్ణం పెట్టుకోవాలో తెలీక, రెండ్రోజుల్నించి దేవుడి ముందు ఊరికే నిలబడి వచ్చేస్తున్నాను.

టికెట్టు అదే వెళ్ళి తెచ్చింది. వరసలో నిలబడి, చెమటలు కక్కుకుంటూ, దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. ఏడాదిగా దాని కాళ్ళలో ఆ చురుకు చూడలేదు. తిరుగు టికెట్టేదే అంటే, "చూద్దాంలే" అంది.

అందుకని నువ్వు రావద్దు, నేనే వస్తున్నాను. బుధవారం, పదకొండో తారీఖు, సాయంత్రం బండి.

అక్క