ఆడవాళ్ళ వైపు నేల

తమ్ముడు సంజీవరావుకు,

నీ ఇంటిని ప్రభువు చల్లగా చూడాలని ప్రార్థించాకే కలం పట్టాను. ఎదురుగా చెబితే ఫోన్ వచ్చిందంటూ లేచిపోతావు, అందుకే రాస్తున్నాను.

మన చర్చి కింద అద్దెకిచ్చిన బేకరీలో రొట్టెల పొయ్యి సరిగ్గా ఆడవాళ్ళు కూర్చునే వైపే ఉంది. ఆ వేడి పైకి రాకూడదని సంఘపెద్దగా నువ్వు వెండిలా మెరిసే షీటు తెప్పించావు, సంతోషం. కానీ దాన్ని సిమెంటులో కప్పెట్టి పైన చీమకుర్తి రాయి పరిపించావు. మిగిలిన ముక్కను నేను నా వంటింటి రేకుల కింద జానెడు ఖాళీ వదిలి కట్టాను, గది చల్లబడింది. ఎదురుగా ఖాళీ ఉండి గాలి ఆడితేనే ఆ షీటు వేడిని వెనక్కి తిప్పుతుంది. సిమెంటులో ఇరుక్కుంటే అదీ కాలుతుంది, పైన రాయీ కాలుతుంది. ఇదే చెబితే, "ప్రార్థనలో మనసుంటే వేడి తెలియదక్కా" అన్నావు.

మొన్న కొండమ్మ పిన్ని మోకరించి, కళ్ళు తిరిగి పడిపోయింది. ఇక చర్చికి రానంటోంది. వారమంతా మిరప కోతల్లో నడుం వంచిన ఆడవాళ్ళు కూడా గుమ్మంలోనే కాసేపు నిలబడి వెళ్ళిపోతున్నారు.

రాయి పగలగొట్టక్కర్లేదు. బేకరీ కప్పుకు కింద కాస్త ఖాళీ వదిలి కొత్త షీటు బిగించు. అది అయ్యేదాకా ఆడవాళ్ళం మీ వైపు కూర్చుంటాం, మగవాళ్ళు మా వైపు కూర్చోండి. పాస్టరు గారు ఒప్పుకున్నారు.

వచ్చే ఆదివారం పెద్ద ప్రార్థన నీదేనట. మోకాళ్ళ మీదే ఉండి, నీకు ఎంతసేపు ఇష్టమైతే అంతసేపు చెయ్యి.

మీ పెద్దక్క