ఎడమకాలి గాటు ఉన్న కోళ్ళ గురించి

బోహోల్ దీవి, కాంబునావ్ గ్రామంలో వాక్యం ప్రకటించే నేను, క్రిసాంతో లుమాపాస్, వయసు డెబ్బై ఒకటి, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి బోధకూ బెదిరింపుకూ లోబడక, తలుపు గడియ వేసుకుని స్వహస్తంతో రాస్తున్న ఆఖరు మాట ఇది. దీనికి ముందు రాసిన కాగితం చెల్లదు. ఎందుకు చెల్లదో మూడో అంశంలో ఉంది.

1. ఇల్లు, పదకొండు కొబ్బరిచెట్లు నా కొడుకు గిడియోన్‌కు చెందవలెను. ఈ వీలునామా అమలు చేసేదీ వాడే. వాడు మంచివాడు. మంచివాళ్ళను మోసం చేయడం సులువు కనుక ప్రతి అంశాన్ని రెండుసార్లు చదవవలెను.

2. నా తమ్ముడు టెలెస్ఫోరోకు నా గొడుగు. కోళ్ళలో ఒక్క ఈక కూడా అతనికి చెందదు. ఎర్రపుంజుకు జలుబు చేసిందని, మందు వేయించుకొస్తానని తీసుకెళ్ళాడు. అది తొడ మీద కత్తిగాటుతో తిరిగొచ్చింది. జలుబుకు కత్తి కట్టే వైద్యుడెవరో నేటికీ చెప్పలేదు. కోడి కూస్తే పేతురు ఏడ్చాడు; వీడు అదీ చేయలేదు. గొడుగు ఎందుకంటే, చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే, నాకన్నా చిన్నవాడైనా వానలో నన్ను వీపున మోసి ఏరు దాటించాడు.

3. కోళ్ళు. ఇవి నా భార్య బసిలిసా పుట్టింటి నుంచి తెచ్చుకున్న చుక్కలపెట్ట సంతతి. ప్రతి పిల్లకూ ఎడమకాలి వేళ్ళ మధ్య పొరలో ఆమె చిన్న గాటు పెట్టేది. గాటు ఉంటే అది మాది. ఆమె పోయాక నేనే పెట్టాను.

కోడలు మెర్లిండా గుడ్లు తీస్తోందని అనుమానం వచ్చి ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో గీత గీశాను. పద్నాలుగు మాయమయ్యాయి. అడిగితే, కింది ఊళ్ళో కోళ్ళు తూలి పడుతున్నాయని, మన విత్తనం కొంత వేరేచోట ఉండాలని గొణిగింది. నమ్మలేదు. మామ మందలో మచ్చలవాటిని రాబట్టుకున్న యాకోబు గురించి, డేరాలో సొత్తు పాతిపెట్టిన ఆకాను గురించి మూడు ఆదివారాలు ప్రసంగించాను. పేరెత్తలేదు. ఆమెనే చూస్తూ చెప్పాను. ఆమెకు గరిటె కూడా దక్కకూడదని ఆ మొదటి కాగితం రాశాను.

వానల్లో కొక్కెర తెగులు వచ్చింది. మూడు రోజుల్లో ముప్పై కోళ్ళూ పోయాయి. గిడియోన్ గొయ్యి తవ్వాడు. ఆ తర్వాత మా పులుసులో మునగాకే మిగిలింది.

తెగులు సద్దుమణిగాక, మెర్లిండా కొండవతల తన తల్లి ఇంటి నుంచి మూతబుట్టతో వచ్చింది. లోపల పన్నెండు చుక్కల పిల్లలు. ఎవరివని అడిగాను.

“కాలు తిప్పి చూసుకోండి మామయ్యా. ఎత్తుకెళ్ళిన సొత్తు మీద సొంతదారు గుర్తు వేసే దొంగ మీ గ్రంథంలో ఉంటే, వచ్చే ఆదివారం వాడి గురించి చెబుదురుగాని.”

తిప్పాను. పన్నెండింటికీ గాటు ఉంది. నా చేతి గాటులా వంకరగా లేదు, బసిలిసా పెట్టినట్టే ఉంది. ఆమే కోడలికి నేర్పిందట. నాకెవరూ చెప్పలేదు.

కనుక కోళ్ళు, పొదిగే బుట్టలు, గాటు పెట్టే చాకు మెర్లిండాకే చెందవలెను. రేపు ఆదివారం నాలుగో ప్రసంగం ఆమె పేరెత్తి చెబుతాను. ఈ రాత్రే ప్రాణం పోతే, గిడియోన్ ఈ అంశాన్ని సంఘం ముందు నిలబడి చదవవలెను.

4. పోయినవి పద్నాలుగు, తిరిగొచ్చినవి పన్నెండు. మిగతా రెండింటి సంగతి ఎవరూ ఆమెను అడగరాదు. నేను అడగకుండా ఉండేందుకు పొద్దున్నుంచి ప్రార్థిస్తున్నాను. బొగ్గుముక్కను పొయ్యిలో వేశాను.

2011 నవంబరు 5, శనివారం.

(సంతకం) క్రిసాంతో లుమాపాస్

సాక్షులు, ఆ మూడు ఆదివారాలూ ముందు వరసలో కూర్చుని విన్నవారు:
హోనోరాటా దుమాలగన్
విసెంటె ఆబాపో
పొటెన్సియానా సుమాలినోగ్