నడవని కాళ్ళకు కృతజ్ఞత కూడిక

ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ బతికి, వెన్నుపూస జబ్బుతో నడుము కింది భాగం చచ్చుబడి, సగం జీవితం మంచం మీదే గడిపిన నేను, బుద్ధి స్థిరంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా సొంత చేతితో రాసుకున్న వీలునామా ఇది. నా తల చక్కగా పనిచేస్తున్నదని డాక్టరుగారు కాగితం రాసి ఇచ్చారు. మిగతా ఒళ్ళంతా మొరాయించి తల ఒక్కటే పనిచేయడం ఎంత విసుగో ఆ కాగితంలో రాయలేదు. ఇంతకుముందు నేను వేరే వీలునామా ఏదీ రాయలేదు. మళ్ళీ రాసే ఓపిక లేదు.

1. నేనుంటున్న రెండు గదుల వాటా, అందులోని సామానుతో సహా, నా తదనంతరం నా చెల్లెలికి సర్వహక్కులతో చెందవలసినది. ఆమె ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. పగలంతా అక్కడ నిలబడి, ఇంటికొచ్చి నన్ను ఎత్తి, కడిగి, పక్కకు తిప్పుతుంది. ఈ హక్కుకు ఏ షరతూ లేదు. చర్చికి వస్తేనే ఇల్లు దక్కుతుందని నా పేరు చెప్పి ఎవరైనా అంటే, అది పచ్చి అబద్ధమని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

2. నా పరుపు మా వదినకు. దాని మధ్యలో నా ఆకారంలో గుంట పడింది. "ఏదో దాచిన పాపం ఉండి ఉంటుందమ్మా, ఒప్పేసుకో, లేచి నడుస్తావు" అని ఆవిడ వచ్చినప్పుడల్లా నా చెవిలో ఊదేది. కందకు లేని దురద కత్తిపీటకెందుకో! ఆ గుంటలో ఓ వారం వెల్లకిలా పడుకుంటే ఆవిడకు తన పాపాలే తీరిగ్గా గుర్తొస్తాయి. పరుపు వద్దంటే బదులుగా ఇంకేమీ ఇవ్వనక్కర్లేదు.

3. నా భూతద్దం, ఎర్ర పెన్సిళ్ళు, కిటికీ పక్క చెక్కబల్ల మా ప్రెస్సు కంపోజిటరుకు. నేను మంచాన పడ్డాక కూడా ఆయన ప్రూఫులు ఇంటికి మోసుకొచ్చి, "మీరు చూడందే అచ్చుకిస్తే నాకు నిద్ర పట్టదండీ" అనేవాడు. ఒట్టి అబద్ధం. ఆయన హాయిగా నిద్రపోయే మనిషి. ఆ అబద్ధం మీద నేను చాలా ఏళ్ళు బతికాను. అందుకు ఆయనకు నా నమస్కారాలు.

4. నా చక్రాల కుర్చీ మా చర్చి సంఘానికి. దీనికి మాత్రం గట్టి షరతు ఉంది. అందులో కూర్చునే మనిషి తనంతట తాను లేచి, వీధి చివరిదాకా నడిచి, తిరిగి వచ్చేవరకు ఆ కుర్చీని ఎవరూ తీసుకుపోకూడదు. ఇదేం షరతు అనేవాళ్ళ కోసం జరిగింది రాస్తున్నాను.

మా సంఘ పెద్దను అందరూ స్తోత్రమయ్య అంటారు. పాలు పొంగినా స్తోత్రం, పొయ్యి ఆరినా స్తోత్రం. ప్రతి బుధవారం సాయంత్రం వచ్చి నా స్వస్థత కోసం ప్రార్థించేవాడు. ఒక వేసవిలో ఆయనకు విశ్వాసం ముదిరింది. అడిగింది దొరికిందని నమ్మి ముందే కృతజ్ఞత చెప్పాలట! వద్దు బాబూ అంటే వినడే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నా పేర చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టాడు. "స్వస్థత పొందిన సహోదరి సాక్ష్యమిచ్చును" అని కరపత్రం వేయించాడు. దాని ప్రూఫు దిద్దడానికి ఎవరి దగ్గరికి రావాలి? నా దగ్గరికే వచ్చింది. పడుకునే దిద్దాను. అక్షరదోషం ఒక్కటీ లేదు, ఉన్న దోషమల్లా వార్తలోనే. మొత్తం అడ్డంగా కొట్టేసి పంపాను. అయినా అచ్చు వేయించాడు.

కూడికకు ముందురోజు చెల్లెలు పనికి వెళ్ళాక వచ్చి, "అక్కా, రేపటి నుంచి దీంతో నీకేం పని?" అంటూ నా కుర్చీ మెట్లు దించి తోసుకుపోయి, రెండు కాళ్ళూ పోయిన ఒక మనిషికి ఇచ్చేశాడు. కుర్చీ ఎదురుగా ఉంటే విశ్వాసానికి అడ్డమట! నా అరుపులకు కింది వాటా నర్సు పరుగెత్తుకొచ్చేసరికి కుర్చీ వీధి మలుపు తిరిగింది. కాళ్ళు లేని మనిషి దగ్గర నుంచి లాక్కురమ్మనే నోరు నాకెక్కడిది?

మర్నాడు నన్ను మోసుకెళ్ళి వేదిక మీద కూర్చోబెట్టారు. లేవమన్నారు. లేవలేదు. పాట పాడారు. పాట అయిపోయినా లేవలేదు. ఇంకోటి ఎత్తుకున్నారు. అప్పుడు నా చెల్లెలు జనంలోంచి వచ్చి, నన్ను వీపున వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి తెచ్చింది. మరో కుర్చీ దొరికేదాకా, ఆ వానాకాలమంతా అలాగే మోసింది. ఆ రోజు ఇంటికి రాగానే తన పాటల పుస్తకం బీరువా పైన పడేసి, "నీ దేవుడితో నువ్వే మాట్లాడుకో అక్కా, ఇక నావల్ల కాదు" అంది. అప్పటి నుంచి ఆమె ప్రార్థన చేయలేదు. నా కాళ్ళు పోయినందుకు కూడా నేను అంత ఏడవలేదు.

5. నా నిరీక్షణ, అంటే ప్రభువు మాట తప్పడన్న ఆశ. ఇది ఆస్తి కిందకు రాదని లాయరుగారు అభ్యంతరం చెప్పారు. రాకపోతే పోనీండి, నాకున్నది అదే. నిరీక్షణ ఉందా అని నన్ను పరీక్షించడానికి వచ్చి కాఫీలు తాగి వెళ్ళినవాళ్ళందరికీ ఇదే జవాబు. ఉంది. ప్రభువు సమాధిలోంచి లేచాడని నమ్ముతున్నాను, కాబట్టి నేనూ లేస్తాను. ఎప్పుడని మాత్రం అడగొద్దు, కరపత్రంలో వేసిన తేదీకి మాత్రం కాదు. రోజూ పొద్దున్నే ఆయనతో తగాదా పడతాను. ఏమిటిది, ఇంకెన్నాళ్ళు, నువ్వు వింటున్నావా అని నిలదీస్తాను. వినే మనిషి ఉన్నాడనుకోబట్టే కదా ఇంత నోరు చేసుకుంటున్నాను!

6. నా సమాధి దగ్గర "ఓర్పుతో భరించింది" అని ఎవరూ అనకూడదు. నేను ఓర్చుకోలేదు, ప్రతి రోజూ విసుక్కున్నాను. నా చెల్లెలిని సాక్ష్యం చెప్పమని గానీ, పాట అందుకోమని గానీ అడగకూడదు. ఆమెను ఒక మూల కుర్చీలో కూర్చోనివ్వండి. చాలా ఏళ్ళుగా నిలబడే ఉంది.

7. ఈ వీలునామా అమలుపరిచే బాధ్యత స్తోత్రమయ్యకు అప్పగిస్తున్నాను. ఈ మాట వినగానే లాయరుగారు కళ్ళద్దాలు తీసి నా వంక చూశారు. ఔనండీ, ఆయనకే. ఆ కూడిక జరిగిన తర్వాతి బుధవారం ఆయన మళ్ళీ వచ్చాడు. గ్లాసు విసిరాను. పై బుధవారమూ వచ్చాడు. చెల్లెలు తలుపు వేసేసింది. "తప్పయిపోయింది అక్కా" అని బయటి నుంచే ఏడ్చాడు. అప్పటి నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుంటాడు, నోరు విప్పడు, కాసేపుండి పోతాడు. తెలివి తక్కువ, పట్టు ఎక్కువ. నాకిప్పుడు కావలసింది ఆ పట్టే.

ఎందుకంటే ఇన్నాళ్ళూ నా చెల్లెలి బదులు కూడా నేనే నిరీక్షిస్తూ వచ్చాను. నేను పోయాక ప్రభువును కళ్ళారా చూస్తాను, నాకిక నిరీక్షణతో పని ఉండదు. ఆమెకు ఉంటుంది. కాబట్టి స్తోత్రమయ్యా, ఆమె మళ్ళీ నమ్మగలిగేదాకా ఆమె బదులు నమ్మే పని నీది. బోధించకూడదు. ప్రకటించకూడదు. బుధవారం రావాలి, మెట్ల మీద కూర్చోవాలి, వెళ్ళాలి. ఆమె తలుపు తీయకపోయినా పై వారం రావాలి. ఎంతకాలం అక్కా అని అడుగుతావు, నాకు తెలుసు. ఎంతకాలమో నాకూ ఎవరూ చెప్పలేదు.

తేదీ: మార్చి పదకొండు, మంగళవారం.

ఇది చదివి, దిద్ది, తప్పులు లేవని తేల్చుకుని చేసిన సంతకం:
(ప్రూఫు రీడరు, మేడ మీది వాటా)

మా ఎదుట సంతకం చేశారని సాక్షులు:
కింది వాటా నర్సు
ప్రెస్సు యజమాని