అలలు విరగని చోట

నవంబర్ 2, ఆదివారం

తుఫాను తర్వాత మొదటిసారి హంసలదీవి వెళ్లాను. మా అబ్బా ఫర్నిచర్ షాపు వ్యాన్‌లోనే, ఆయనే నడుపుతూ. సర్ఫింగ్ బోర్డుని పాత సోఫా కవర్లలో చుట్టి వెనక పడేశాం. తుఫానుకి నీళ్లకింది ఇసుక మేట జరిగిపోయింది. ఇదివరకు మెల్లగా లేచే అల ఇప్పుడు నిలువుగా లేచి ఒక్కసారిగా కూలుతోంది. కింద మోకాలి లోతే నీళ్లు. చెన్నైలో ఉద్యోగం చేసినన్నాళ్లూ దగ్గర్లోని కోవళంలో నేర్చుకున్న సర్ఫింగ్ అంతా ఇవాళ అవసరమైంది. భుజం ఇసుకకి కొట్టుకుని చీరుకుపోయింది. ఇక అది కొత్తవాళ్లు దిగే చోటు కాదు.

తిరుగుదారిలో, కంకిపాడు దగ్గర, ప్రతిసారీ నేను ఒడ్డున కూర్చుని నీ చెప్పులకి కాపలా కాయాలా అన్నారు అబ్బా. కుర్రతనంలో కృష్ణానది ఈదినవాణ్ణి అన్నారు. నవ్వాను. ఆయన నవ్వలేదు.

నవంబర్ 5

బెంజ్ సర్కిల్ ఆఫీసు నుంచి వచ్చేసరికి చెల్లి మెహరాజ్ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. అబ్బా షాపులో బోర్డు నేలమీద పరిచి, దానిమీద చేతులు చాపి నిలబడ్డారట. కస్టమర్ల ముందే. యాభై ఎనిమిదేళ్ల మనిషి. నాకెందుకో నవ్వు రాలేదు.

నవంబర్ 9, ఆదివారం

నడుము లోతు దాటనని మాట తీసుకుని అబ్బాని నీళ్లలోకి దింపాను. రిప్ చూపించాను, లోపలికి లాగే నీటిపాయ. రెండు పక్కలా అలలు విరుగుతుంటే మధ్యలో పట్టీలా నీళ్లు నున్నగా ఉంటాయి. చూడ్డానికి అదే మంచి చోటు. సముద్రంలోకి లాక్కుపోయేదీ అదే. చిక్కుకుంటే ఎదురీదకూడదు, పక్కకి ఈదాలి అని మళ్లీ మళ్లీ చెప్పాను. అలాగే అలాగే అంటూనే అటే చూస్తున్నారు.

"కాలవలా ఉందే అఫ్సా," అన్నారు. "ఎంత బాగుందో."

నవంబర్ 13

అబ్బాకి దగ్గు. తెల్లారకముందే కృష్ణ ఘాట్‌కి వెళ్లి ఈదుతున్నారు. వాకింగ్‌కి వెళ్లొచ్చిన మనిషి లుంగీ ఎందుకు తడుస్తుందే అని అమ్మీ నన్ను అడిగింది.

నవంబర్ 16, ఆదివారం, ఉదయం

రావద్దన్నాను. కిందికి దిగేసరికి స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నారు.

అదే రోజు, సాయంత్రం

ఒడ్డున జుట్టు ముడేసుకుంటున్నాను. అంతే. తలెత్తేసరికి బోర్డు లేదు, అబ్బా లేరు. ఆ నున్నటి నీళ్లలోనే దిగారు. అలలు విరిగే చోటు దాటి అవతల, చిన్నగా, తెల్ల బనీను. నేనూ అందులోనే దూకాను. లాక్కుపోయేది అదే కాబట్టి త్వరగానే చేరాను. ఆయన బోర్డు మీద బోర్లా పడి, ఒడ్డు వైపే తోసుకుంటున్నారు. పక్కకి అబ్బా, పక్కకి అని అరిచాను. "ఒడ్డు కనపడతానే ఉందిగా!" అని కసురుకున్నారు. పెదాలు నీలం. బోర్డు తాడు పట్టుకుని నేనే పక్కకి లాగాను. వెనక్కి రావాలంటే మేట మీదుగానే రావాలి. ఒక అల ఇద్దర్నీ ఎత్తి కొట్టింది. ఆయన చెయ్యి జారింది. నీళ్ల కింద బనీను చేతికి తగిలింది. వదల్లేదు.

ఒడ్డున వాంతి చేసుకున్నారు. ఏడుస్తూ తిట్టాను. మా నాన్నని నేను తిట్టడం ఇదే మొదలు. ఆయన విన్నట్టు లేదు.

"అక్కడ చప్పుడే లేదు బేటీ," అన్నారు. "ఇక్కడ ఇంత హోరు. అవతల అసలు చప్పుడే లేదు."

నవంబర్ 19

అమ్మీకి చెప్పేశాను. బోర్డుని మేడ మీద గదిలో పెట్టి తాళం వేసింది. అబ్బా మామూలుగానే షాపు తెరుస్తున్నారు, తింటున్నారు. బేరం మధ్యలో ఆగిపోయి, ఏదో వినబడుతున్నట్టు తల పక్కకి వంచుతున్నారని మెహరాజ్ చెప్పింది.

నవంబర్ 23, ఆదివారం

లేచేసరికి వ్యాన్ లేదు. బోర్డు గదిలోనే ఉంది.

పక్కింటి అఫ్జల్ భాయ్ బైక్ మీద హంసలదీవి వెళ్లాం. అబ్బా ఒడ్డున కూర్చుని ఉన్నారు, నిలువునా తడిసి. చాలా దూరం పోయి, పక్కకి ఈది వచ్చారట, నేను చెప్పినట్టే. తాళాలు లాక్కుని వ్యాన్ నేనే నడిపాను.

చల్లపల్లి సెంటర్‌లో హారన్లు మోగగానే రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. విజయవాడ వచ్చినా చేతులు తీయలేదు.