తూర్పు కిటికీ ఎవరికి చెందాలి

2025 ఆగస్టు 11, సోమవారం.

ఈ ఉదయం మా పెద్దవాడు వడ్రంగిని వెంటబెట్టుకొచ్చి, మన పుస్తకాల బైండింగు కొట్టుకి ఉన్న ఒక్కగానొక్క తూర్పు కిటికీకి కొలతలు తీయించాడు. అక్కడ అద్దాల గది కట్టించుకుని తాను కూర్చుంటాడట. అందుకే ఈ వీలునామా ఇవాళే రాస్తున్నాను. వడ్రంగిని వెళ్ళనివ్వలేదు. సాక్షి సంతకానికి పనికొస్తాడు.

నా కళ్ళకు శుక్లాలు వచ్చాయి. మనుషులు పాలలో నడుస్తున్నట్టు కనిపిస్తున్నారు. బుద్ధికి మాత్రం ఏ పొరా కమ్మలేదు. ఎవరూ నా చెయ్యి పట్టి రాయించడం లేదు. పట్టుకునే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికీ లేదు.

ఒకటి. కొట్టు నా స్వార్జితం. సగం పెద్దవాడికి, సగం వాడి కూతురికి, అంటే నా మనవరాలికి. కాగితం కోసే యంత్రం మాత్రం పూర్తిగా ఆ పిల్లదే. "ఆడపిల్లకి ఆ కత్తితో పనేంటమ్మా? వేలు తెగితే రేపు ఎవడు చేసుకుంటాడు?" అన్నాడు వాడు. ఆ కత్తి కిందే వాడి చిటికెన వేలి కొస పోయింది. అయినా కోడలు వాడిని చేసుకుంది. వేళ్ళు లెక్కపెట్టి చూపించమనలేదు.

రెండు. కోడలికి నా పడక్కుర్చీ. ఈ ఇంట్లో ఆమె కూర్చోగా నేను చూసింది తక్కువ. కుర్చీతోపాటు మధ్యాహ్నపు కునుకు కూడా ఆమెకే రాస్తున్నాను. ఆ వేళ ఎవరూ టీ అడగకూడదు.

మూడు. కిటికీ. మొదటినుంచీ మన కొట్టు పద్ధతి ఇదీ: కోసే మగవాళ్ళు కిటికీ దగ్గర నిలబడతారు, కుట్టే ఆడవాళ్ళు వెనక మూల నేల మీద కూర్చుంటారు. కత్తికి గీటు కనిపిస్తే చాలు. సూదికి వెలుతురు కావాలి. "బల్బు వేశాంగా" అంటాడు పెద్దవాడు. ఆ బల్బు కింద దారమూ దాని నీడా ఒకేలా ఉంటాయి. అందరూ "ఏయ్ సూదీ" అని కేకేసే సూదమ్మగారు ఇప్పుడు సూది బెజ్జాన్ని పెదవితో తడిమి దారం ఎక్కిస్తున్నారు. "చూపు ఆనట్లేదమ్మగారూ, ఈ నెలాఖరుకి మానేస్తా" అన్నారు నిన్న. మానవలసింది ఆవిడ కాదు, ఆ చీకటి.

ఈమధ్య కునుకులో నాకొక కల వస్తోంది. ఆ కిటికీ గోడ వెంబడి మెల్లగా నడుచుకుంటూ వెనక మూలకు వెళ్ళి, నిద్రొచ్చిన పిల్లలా సూదమ్మగారి ఒడిలో కూర్చుంటుంది. కాగితపు నుసి బంగారంలా తేలుతుంది. ఇంకా కుట్టని పుటలు ఊపిరి పీలుస్తాయి. ఎవరూ ఆశ్చర్యపోరు, ఎవరూ కేకేయరు. మెలకువ వచ్చేసరికి కిటికీ తన చోటే ఉంటుంది.

కిటికీలు నడవవు గనక మనుషులే నడవాలి. కిటికీ ముందున్న చోటు, అందులో పడే వెలుతురు కుట్టుపని చేసేవారివి. దాన్ని అమ్మడానికి, అద్దెకివ్వడానికి, అద్దాలు బిగించడానికి ఎవరికీ హక్కు లేదు.

పెద్దవాడు చెడ్డవాడేమీ కాదు. జ్వరమొచ్చిన పనివాళ్ళను తన బండిలోనే ఇంటికి చేరుస్తాడు. కానీ వాళ్ళ మొహం చూడకుండా మాట్లాడతాడు. చూసి ఉంటే వెలుతురు సంగతి వాడికే తెలిసేది.

ఇట్లు, స్వదస్తూరితో,
కొట్టు యజమానురాలు, పెద్దవాడి తల్లి

సాక్షులు: నా శుక్లాలు చూడ్డానికి ఇవాళ ఇంటికొచ్చిన కళ్ళ డాక్టరమ్మ; కొలతలకొచ్చిన వడ్రంగి. (సూదమ్మగారు ఇందులో హక్కుదారు గనక సాక్షిగా చెల్లరు.)

నేను పోయాక జరగవలసినవి:

1. మర్నాడే కొట్టు తెరవాలి. మనవరాలు ఈ కాగితం అందరికీ వినబడేలా చదవాలి.

2. యంత్రం వెనక్కి, కుట్టు బల్లలు కిటికీ కిందికి. కుట్టేవారికి కుర్చీలు, వీపు ఆనేవి.

3. "ఏయ్" అనే పిలుపు గుమ్మం బయటే వదిలి రావాలి.

4. పెద్దవాడు వెనక మూల కూర్చుని, ఆ బల్బు కింద సూదిలో దారం ఎక్కించాలి. ఎక్కితే ఆ వెలుతురు చాలునన్నమాట. అద్దాల గది ఆ మూలలోనే కట్టుకోవచ్చు. ఎక్కకపోతే సూది పట్టుకుని కిటికీ దగ్గరకు వచ్చి, "సూదమ్మగారూ, కాస్త ఎక్కించి పెట్టండి" అని ఆవిడ మొహం చూసి అడగాలి. ఆవిడ నవ్వకుండా ఎక్కించి ఇస్తారు.